చావడం చేతకాని బస్సు

పెద్దవాళ్ళు 'దీర్ఘాయుష్మాన్ భవ' అంటే మనం సంబరంగా తల వంచుతాం. ఆ దీవెన పొరపాటున ఒక బస్సుకి తగిలితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించరు. కాలిఫోర్నియాలో ఒక బస్సుకి తగిలింది. బస్సు బతికింది, కట్టిన కంపెనీ పోయింది.

ఆ బస్సు పేరు క్రౌన్ సూపర్‌కోచ్. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన క్రౌన్ కోచ్ సంస్థ 1948 నుంచి 1991 దాకా తయారుచేసిన స్కూలు బస్సు. దాని నేరాలను విచారించి, భావి తయారీదారులు అలాంటి దారి తొక్కకుండా నమోదు చేసి ఉంచడం నా పౌరధర్మం.

అమెరికాలో స్కూలు బస్సు కట్టడానికి ఒక మర్యాద ఉంది. ఇంజన్, ఛాసీ (చక్రాల మీద ఉండే చట్రం) లారీ కంపెనీ ఇస్తుంది. బస్సు కంపెనీ దాని మీద రేకుల డబ్బా బిగించి పసుపు రంగు పూస్తుంది. ఆ రంగు కోసం కూడా బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. 1939లోనే ఫ్రాంక్ సిర్ అనే ప్రొఫెసర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో సమావేశం పెట్టి తేల్చేశాడు. ఇంత సుఖమైన దారి ఉండగా క్రౌన్ వాళ్ళు ఛాసీ, బాడీ రెండూ తామే కట్టుకున్నారు. ఎక్కువ బస్సుల్లో ఇంజన్‌ని ముందు పెట్టలేదు, వెనకా పెట్టలేదు. రెండు ఇరుసుల మధ్య, సరిగ్గా పిల్లల కాళ్ళ కింద, నేల అడుగున పడుకోబెట్టారు. మిగతా పరిశ్రమ ఇంకా పెట్రోలు తాగుతున్న 1950లలోనే వీళ్ళు డీజిల్ ఇంజన్లు పెట్టేశారు. ఇది చాలదన్నట్టు అదే పట్టుదలతో ఫైరింజన్లు కూడా కట్టారు.

పెద్ద మోడళ్ళకు వెనక రెండు ఇరుసులు ఉండేవి, 90 మందికి పైగా పిల్లలు పట్టేవారు. కొన్నింటికి పది గేర్లు. వెనక అంతమంది అరుస్తుంటే క్లచ్ రెండేసి సార్లు తొక్కుతూ కొండెక్కించిన డ్రైవర్లకు పెన్షన్‌తో పాటు పతకం కూడా ఇచ్చి ఉండాల్సింది.

అసలు నేరం వేరే. ఆ బస్సు పాడవలేదు. మంచు పడే రాష్ట్రాల్లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు బస్సుల అడుగుల్ని నెమ్మదిగా తినేస్తుంది. బస్సు వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగడానికి ప్రకృతి ఇచ్చిన కానుక అది. ఎండ తప్ప మరేమీ ఎరగని దక్షిణ కాలిఫోర్నియాలో క్రౌన్‌కి ఆ సాయం కూడా అందలేదు. చిన్నప్పుడు ఆ బస్సెక్కిన పిల్లాడు పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, తన పిల్లల్ని తెచ్చి అదే బస్సు ఎక్కించేంత కాలం అవి తిరిగాయి. స్కూళ్ళను నడిపే స్థానిక సంస్థలైన స్కూలు జిల్లాల వాళ్ళు మురిసిపోయారు. మురిసిపోయినవాడు మళ్ళీ కొనడని క్రౌన్ అమ్మకాల విభాగానికి ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఒక్కసారి కొన్న ఆసామి ఇరవై ఏళ్ళ దాకా గుమ్మం తొక్కకపోతే, గుమ్మానికి రంగు వేయించే ఖర్చు ఎవరిస్తారు?

దానికి తోడు 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆస్తి పన్నుకు కళ్ళెం వేస్తూ 13వ ప్రతిపాదనను గెలిపించారు. ఆ పన్ను మీద ఆధారపడ్డ స్కూళ్ళ ఖజానాలు చిక్కిపోయాయి. ఖరీదైన కొత్త క్రౌన్ కొనేదెవరు, గ్యారేజీలో పాత క్రౌన్ నిక్షేపంగా తిరుగుతుంటే? క్రౌన్‌కి పోటీదారు తను అమ్మిన పాత బస్సే.

ఇక్కడ కాసేపు నవ్వు పక్కన పెట్టాలి. 1976 మే 21న కాలిఫోర్నియాలోని మార్టినెజ్ ఊరి దగ్గర ఒక పాత క్రౌన్‌కి, 1950 నాటిదానికి, బ్రేకుల్లో గాలి ఒత్తిడి పడిపోయింది. హైవే దిగే ర్యాంపు మీంచి జారి తలకిందులుగా పడింది. యూబా సిటీ నుంచి పాటలు పాడటానికి బయల్దేరిన 28 మంది విద్యార్థులు, వాళ్ళతో వచ్చిన ఒకరు చనిపోయారు. ఇనుము ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది ఒక లెక్క, బ్రేకుల్లో గాలి నిలుస్తుందా అన్నది ఇంకో లెక్క. స్కూలు బస్సుల పైకప్పు, అతుకులు, సీట్లు ఎంత గట్టిగా ఉండాలో చెప్పే ఫెడరల్ నిబంధనలు అప్పటికే తయారవుతున్నాయి. 1977 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

వివేకం అంటే అప్పట్లో కాలిఫోర్నియాలోనే హేవర్డ్‌లో ఉన్న గిల్లిగ్ కంపెనీది. అదీ ఇలాంటి గట్టి పిండాలనే కట్టేది. 1982లో ఆ పాత స్కూలు బస్సులకు దణ్ణం పెట్టి సిటీ బస్సుల వైపు తిరిగింది. ఇప్పటికీ క్షేమంగా ఉంది. క్రౌన్ మాత్రం ఇంకో తొమ్మిదేళ్ళు పంతం పట్టి, 1991లో తలుపులు మూసుకుంది. 'క్రౌన్' పేరును ఆ తర్వాత కార్పెంటర్ అనే మరో బస్సు కంపెనీ తన బస్సులకు తగిలించుకుంది. 2001 వచ్చేసరికి అదీ మూతపడింది. పేరులో ఏదో ఉన్నట్టుంది.

కంపెనీ పోయినా బస్సులు రోడ్డు దిగలేదు. చివరికి ప్రభుత్వమే పూనుకోవాల్సి వచ్చింది. 2000 దాటాక కాలిఫోర్నియా ఒక పథకం పెట్టి, 1977కి ముందు తయారైన స్కూలు బస్సుల్ని తీసేసి పొగ తక్కువ వదిలేవి కొనుక్కోమని స్కూళ్ళకు డబ్బిచ్చింది. ప్రభుత్వాన్ని తప్పుపట్టను, ఆ పొగ నిజమే, 1977 నాటి నిబంధనలు అంతకుముందు బస్సులకు వర్తించని మాటా నిజమే. షరతు మాత్రం చూడండి: పాత బస్సును అమ్మకూడదు, నుజ్జునుజ్జు చెయ్యాలి. మామూలు బస్సులు తుప్పు పట్టి ఉచితంగా చస్తాయి. ఇది చావడానికి ప్రజాధనం తీసుకుంది.

కొన్ని అంతకుముందే తప్పించుకున్నాయి. సీట్లు పీకించుకుని, మంచం, పొయ్యి పెట్టించుకుని, మోటార్ హోములుగా వేషం మార్చి తిరుగుతున్నాయి. వాటి యజమానులు విడిభాగాల కోసం ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. కంపెనీకి చేద్దామంటే ఎత్తేవాళ్ళు లేరు.