సంతకం పెట్టినవారు ఏరి?

భవనం కూలిన మర్నాడు జరిగే తతంగం పాఠకులకు కంఠతా వచ్చు. యజమానిపై కేసు, ఒకరిద్దరు అధికారుల సస్పెన్షన్, మృతుల కుటుంబాలకు పరిహారం, ఓ విచారణ కమిటీ. నానక్‌రామ్‌గూడ (2016), భద్రాచలం (2025)... ఊరు మారినా వరుస మారదు. ఈ వరుసలో ఎక్కడో తప్ప కనిపించని మనిషి ఒకరున్నారు. పునాది ఎంత లోతు ఉండాలో, పిల్లర్‌లో ఎన్ని ఇనుప చువ్వలు పడాలో లెక్క కట్టి, కింద సంతకం చేయాల్సిన స్ట్రక్చరల్ ఇంజినీరు. అనుమతే లేని కట్టడానికి ఇంజినీరు ఎక్కడి నుంచి వస్తాడంటారా? అనుమతి ఉన్నచోట మాత్రం ఆయన్ను అడిగిందెవరు?

అనుమతి కోసం దాఖలు చేసే ఫైలు ఒకసారి తిరగేస్తే సంగతి తెలుస్తుంది. అందులో స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్ అని ఒక కాగితం ఉంటుంది. తరచూ ఒకే పేజీ. అచ్చయిన నాలుగు వాక్యాలు, ఖాళీల్లో ప్లాటు నంబరు, కింద రబ్బరు స్టాంపు, సంతకం. ఐదంతస్తుల్లో కాపురం ఉండబోయే కుటుంబాల భద్రతకు ఆ కాగితమే హామీ. అనుమతి వచ్చేదాకా ఆ సంతకం శిలాశాసనం. స్లాబులో పగులు కనిపించిన రోజు నుంచి అది ఎవరిదో ఎవరికీ గుర్తుండదు.

చట్టం లేదా? ఉంది. ఇల్లు కట్టివ్వడం కూడా వినియోగదారుల చట్టం కింద సేవేనని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 1993లోనే సుప్రీంకోర్టు తేల్చింది. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఇంటిని అప్పగించిన ఐదేళ్లలో నిర్మాణ లోపం బయటపడితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అయితే ఆ బాధ్యత బిల్డరుది, ఇంజినీరుది కాదు. పైగా స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా నమోదే అక్కర్లేదు. మన కాలనీల్లో సందు సందునా లేచే చిన్న అపార్ట్‌మెంట్లలో అత్యధికం ఇవే కదా! ఇక మిగిలింది వినియోగదారుల కమిషన్. అక్కడ గడువు రెండేళ్లు. కాంక్రీటు ముక్క తీసి బలం చూసే కోర్ కటింగ్ పరీక్షకూ, కాంక్రీటు బలహీనంగా ఉందని రాసిచ్చే మరో నిపుణుడి రుసుముకూ డబ్బు కొనుగోలుదారే పెట్టుకోవాలి. ఇంతా చేసి ఇంజినీరు దగ్గరికి వెళితే వచ్చే జవాబు ఒక్కటే: ‘‘నాకు ఫీజు ఇచ్చింది బిల్డరు. మీతో నాకు ఒప్పందం లేదు.’’

గీసిచ్చిన డ్రాయింగు ఒకటైతే సైటులో మేస్త్రి కట్టేది మరొకటని, ఆ పాపం తమకు చుట్టవద్దని ఇంజినీర్లు అంటున్నారు. కొంత నిజమే. ఆ మాట చెప్పుకోవాల్సింది బోనులో నిలబడి. అసలు బోనుదాకా రాకుండానే తప్పించుకునే వీలుండటమే మా అభ్యంతరం.

వైద్యుణ్ని వినియోగదారుల చట్టం కిందికి 1995లోనే తెచ్చాం. ఒక రోగికి జరిగిన పొరపాటుకు వైద్యుడు జవాబు చెప్పాలి. వంద మంది నెత్తిన కప్పు వేసినవాడు చెప్పనక్కర్లేదా? న్యాయవాదులకు, వైద్యులకు, ఆర్కిటెక్టులకు ఒక్కో చట్టం ఉంది. ఇంజినీరు వృత్తిని నియంత్రించే, దేశమంతటికీ వర్తించే చట్టమే లేదు. ఆర్కిటెక్టుల చట్టం సైతం ఆ పేరు వాడుకోవడాన్నే కట్టడి చేస్తుంది తప్ప ఇతరులు ఆ పని చేయకుండా ఆపదని 2020లో సుప్రీంకోర్టు చెప్పేసింది. న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 2024 మేలో వచ్చిన తీర్పు మరో దిగులు. మిగతా వృత్తుల మాట తగిన కేసు వచ్చినప్పుడు చూద్దామని అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వదిలేసింది. మాదీ వృత్తే, వ్యాపారం కాదంటూ రేపు నిర్మాణ నిపుణులు న్యాయవాదుల తీర్పును చేతపట్టుకు రారని నమ్మకమేమిటి?

ఈ స్థితిలో ప్రభుత్వాలు చేస్తున్నదేమిటి? నిబంధనలు పాటిస్తున్నామని దరఖాస్తుదారులే రాసిచ్చే స్వీయ ధ్రువీకరణ పేరిట ఆ సంతకానికే మరింత బలమిస్తున్నాయి. భవన అనుమతుల కోసం తెలంగాణ 2020లో తెచ్చిన బీపాస్ చట్టంలో తప్పుడు సమాచారం ఇస్తే నోటీసైనా లేకుండా కూల్చేస్తామని రాసుకున్నారు. కూలేది యజమాని ఇల్లు! ఆంధ్రప్రదేశ్ కూడా స్వీయ ధ్రువీకరణ బాటే పట్టింది. అధికారి తనిఖీని తగ్గించారు, సంతకం విలువ పెంచారు, కొనుగోలుదారుకు పరిహారమిచ్చే బాధ్యత మాత్రం సంతకానికి కట్టలేదు.

చెన్నై మౌలివాక్కంలో 2014 జూన్ 28న పదకొండంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది ఉత్తరాంధ్ర నుంచి కూలికి వెళ్లినవారే. ఆనాడు శవపేటికలు దించుకున్న పల్లెలున్న రాష్ట్రంలో పొరపాటు జరిగితే బాధితులకు పరిహారం అందేలా ఇంజినీరుకు వృత్తి బీమా తప్పనిసరి చేయాలన్న ఆలోచన ఎందుకు రాలేదు? లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నికి 72 మంది బలయ్యాక బ్రిటన్ 2022లో చట్టం తెచ్చి, అప్పటికే కట్టిన లోపభూయిష్ట ఇళ్లపై దావా వేసే గడువును ఇంగ్లండ్, వేల్స్‌లో ఏకంగా 30 ఏళ్లకు పెంచింది. మనకు రెండేళ్లే.

వృత్తి బీమా పాలసీ నంబరు లేనిదే ఏ స్టెబిలిటీ సర్టిఫికెట్టునూ తీసుకోకూడదు. ఫ్లాటు కొన్నవారికి ఇంజినీరుపై నేరుగా దావా వేసే హక్కు ఇవ్వాలి. సర్టిఫికెట్టుతో పాటు డ్రాయింగుల నకలు కూడా వారి చేతికి అందాలి. ఇందుకు కొత్త కమిటీ ఏదీ అక్కర్లేదు. శిథిలాల పక్కన నిలబడి పరిహారం ప్రకటించే మంత్రులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మీరు ఇస్తున్నది మా పన్నుల డబ్బు. దాన్ని ఇచ్చుకోవాల్సినవాడు ఈపాటికి మరో ప్లాటు ఫైలు మీద స్టాంపు వేస్తున్నాడు, మీ పోర్టల్‌లోనే.