రష్‌మోర్ కొండ చెక్కితేనే జనం వచ్చారా?

అమెరికాలోని సౌత్ డకోటాలో నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ ఫొటోతో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "ఉత్త బండరాయి. చెక్కకపోతే అటువైపు ఎవడొస్తాడు? పది లక్షల డాలర్లు కూడా కాలేదు, ఏటా 20 లక్షల మంది వస్తున్నారు. టూరిజం కోసం కొండ చెక్కితే పోయేదేముంది?"

ఖర్చు, జనం లెక్కలు నిజమే. ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌కు వెళ్లే మనవాళ్లు కూడా చాలామంది దీన్ని చూసే వస్తారు. పేచీ మిగతా మాటలతోనే.

"చెక్కకపోతే ఎవడొస్తాడు?" రష్‌మోర్ ఉన్న బ్లాక్ హిల్స్ కొండల్లోనే విండ్ కేవ్ అనే గుహ ఉన్న చోటు 1903లో నేషనల్ పార్క్ అయింది. రష్‌మోర్‌పై పని మొదలైంది 1927లో. అసలు ఈ ఆలోచన చేసిన సౌత్ డకోటా చరిత్రకారుడు డోన్ రాబిన్సన్ టూరిస్టుల కోసం చెక్కిద్దామనుకున్నది ఈ కొండను కాదు, దగ్గర్లోని నీడిల్స్ అనే సూదిమొనల రాళ్లను. అవి మరీ సన్నగా ఉన్నాయని, పనికిరావని శిల్పి బోర్గ్లమ్ వదిలేశాడు. వాటి మధ్యగా 1922కే రోడ్డు పడింది. కారు అద్దాలు మడుచుకుని దూరాల్సినంత ఇరుకు సొరంగం దాటి మరీ జనం ఇవాళ్టికీ ఆ రాళ్లను చూస్తున్నారు. ఉలి తగలకుండా బతికిపోయిన రాళ్లవి!

"పోయేదేముంది?" 4.5 లక్షల టన్నుల రాయి పోయింది. అందులో 90 శాతం డైనమైట్‌తో పేల్చిందే. ముఖాల కింద కనిపించే రాళ్లగుట్ట అదే, ఎవరూ ఎత్తలేదు. జెఫర్సన్ ముఖాన్ని మొదట వాషింగ్టన్‌కు కుడిపక్కన చెక్కారు. రాయి సరిగా లేదని ఆ ముఖాన్నే పేల్చేసి, ఎడమపక్కన మళ్లీ మొదలుపెట్టారు. శిల్పానికి రెండో ఛాన్స్ దొరికింది, కొండకు దొరకలేదు. ఆ రాతిపొడి పీల్చిన కూలీల్లో కొందరికి తర్వాత సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఇవేవీ ఆ పది లక్షల లెక్కలో లేవు.

ఇక "ఉత్త బండరాయి" అన్న మాట. అక్కడి ఆదివాసులైన లకోటా ప్రజలకు అది ఆరుగురు తాతల కొండ, పవిత్ర స్థలం. బ్లాక్ హిల్స్ వాళ్లవేనని 1868 ఒప్పందంలో అమెరికా ప్రభుత్వమే రాసిచ్చింది. 1874లో బంగారం బయటపడింది, 1877లో లాక్కున్నారు. అది అన్యాయమేనని, వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని 1980లో సుప్రీంకోర్టు తేల్చింది. మాకు నేల కావాలి, డబ్బు వద్దన్నారు వాళ్లు. వడ్డీ పెరిగి అది 100 కోట్ల డాలర్లు దాటినా వాళ్లు ఇంకా దాన్ని ముట్టుకోలేదు.