ఒక్క తీగ మీద ఇల్లంతా

మొన్నామధ్య విజయవాడ సత్యనారాయణపురంలో మా సందు మూల ఇసుక లారీ ఒకటి వెనక్కి తిరగబోయి, కరెంటు స్తంభానికి వేలాడుతున్న తీగల గుత్తిని తెంపుకుపోయింది. కరెంటు పోలేదు. ఇంట్లో మిగతావన్నీ పోయాయి. అమ్మ చూస్తున్న సీరియల్ మధ్యలో ఆగింది, మా మేనల్లుడి ఆన్‌లైన్ క్లాసు ఆగింది, నేను ఆఫీసు మీటింగులో నోరు తెరిచింది తెరిచినట్టే అవతలివాళ్లకి బొమ్మలా మిగిలిపోయానట. ఆశ్చర్యం ఏంటంటే అమ్మ సెల్‌ఫోను కూడా మూగబోయింది. మా వెనక గదిలో టవర్ సిగ్నల్ అందదు, ఇన్నాళ్లూ ఆవిడ కాల్స్ అన్నీ వైఫై మీదే నడుస్తున్నాయన్న సంగతి ఆవిడకి తెలీదు, నేనూ మర్చిపోయాను. గోడకున్న తెల్ల డబ్బా మీద ఎర్ర లైటు ఒకటి ఆగకుండా కొట్టుకుంటోంది.

"పూర్వం టీవీ పోతే ఫోనన్నా ఉండేది కదరా, ఇప్పుడేంటి అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే పోయాయి?" అంది అమ్మ.

కూడబలుక్కోవడం అన్న మాట భలే కుదిరింది. ఇంజనీర్లు కన్వర్జెన్స్ అని ముద్దుగా పిలుచుకునేది దాన్నే. ఒకప్పుడు ఫోనుకో నెట్‌వర్కు, టీవీకో నెట్‌వర్కు, డేటాకో నెట్‌వర్కు. ఫోను కలిసిందంటే ఎక్స్ఛేంజీల మధ్య 64 కిలోబిట్ల దారి ఒకటి మీ ఇద్దరి కోసమే కట్టిపెట్టేసేవారు, మీరు మాట్లాడుకున్నా సరే, అలిగి చెరోవైపు ఉలుకూపలుకూ లేకుండా కూర్చున్నా సరే, పెట్టేసేదాకా ఆ దారి ఇంకొకరికి ఇచ్చేది లేదు. కొత్త పద్ధతిలో మాటైనా, సినిమా అయినా, బ్యాంకు లావాదేవీ అయినా ప్యాకెట్లనే చిన్న చిన్న ముక్కలైపోయి, ఊరందరి ముక్కలతో కలిసి ఒకే దారిన వెళ్లి, అవతల మళ్లీ అతుక్కుంటాయి. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద ఆటో, లారీ, అంబులెన్స్ అన్నీ పోయినట్టే. కాకపోతే అంబులెన్స్‌కి దారివ్వాలి, అంటే వీడియో డౌన్‌లోడ్ కాస్త ఆగినా పర్లేదు గానీ మాట మాత్రం తడబడకూడదు, ఆ ఏర్పాటు కూడా నెట్‌వర్కులోనే ఉంటుంది.

ఇలా అన్నిటినీ ఒకే దారిన నడిపే నెక్స్ట్ జనరేషన్ నెట్‌వర్క్ అంటే ఏంటో ఐక్యరాజ్యసమితి సంస్థ ఐటీయూ 2004లోనే నిర్వచించింది. అందులో నాకు ముఖ్యం అనిపించేది ఒకటే: సేవ వేరు, దాన్ని మోసే దారి వేరు. దారి రాగితీగ కావచ్చు, ఫైబర్ అనే గాజుపోగు కావచ్చు, గాలిలో తరంగం కావచ్చు, దాని మీద ఏం నడపాలన్నది విడిగా తేల్చుకోవచ్చు. వినడానికి చప్పగా ఉంటుంది. పేద దేశానికి మాత్రం డబ్బు మిగిలేది ఇక్కడే.

అమెరికాకీ యూరప్‌కీ ఈ కన్వర్జెన్స్ ఒక సౌకర్యం, మనకి వేరే గతి లేదు. వాళ్లకి ఇంటింటికీ రాగితీగ ఎప్పుడో పడిపోయింది. మనకేమో 1991లో నూరు మందికి ఒక్క ఫోను కూడా లేదు. కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి క్యూ, ఓవైటీ అని ఎక్కువ డిపాజిట్ కట్టేవాళ్లకి వేరే క్యూ, ఎంపీ గారి కోటా అని ఇంకో క్యూ. అలాంటి దేశం ఫోనుకోసారి, టీవీకోసారి, ఇంటర్నెట్‌కోసారి రోడ్లు తవ్వుకుంటూ పోతే ఎప్పటికి తేలేది? ఫైబర్‌లో గాజు చవక, తవ్వకం ఖరీదు, పంచాయతీ దగ్గర, రోడ్లు భవనాల శాఖ దగ్గర, రైల్వే వాళ్ల దగ్గర తెచ్చుకునే అనుమతులు ఇంకా ఖరీదు. ఒకసారి తీగంటూ పడ్డాక దాని మీద రెండో సేవ నడపడానికి అదనంగా అయ్యేది చాలా తక్కువ. జియో 2016 సెప్టెంబర్ 5న మొదలైనప్పుడు కాల్స్ ఉచితం అంటే చాలామంది మార్కెటింగ్ ఎత్తుగడ అనుకున్నారు. ఎత్తుగడే, కాదనను, కానీ దాని వెనక ఒక లెక్క కూడా ఉంది: ఆ కంపెనీకి మాటల కోసం వేరే పాత నెట్‌వర్కంటూ లేదు, మాట కూడా డేటాలో ఒక ముక్కే.

మన రాష్ట్రం చేసిన ప్రయోగం ఇంకా మోటుది, ఇంకా తెలివైనది. ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబర్ 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకి 149 రూపాయలన్నారు, ఆ ధర నిలవలేదనుకోండి. తర్వాత దాని చుట్టూ నడిచిన రాజకీయాలూ కేసుల జోలికి నేను వెళ్లను. నాకు నచ్చింది వాళ్లు నేల తవ్వకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగేయడం. తవ్వకం ఖర్చు మిగిలింది, పని త్వరగా అయింది. గాలివానకీ, ఇసుక లారీకీ అందేంత ఎత్తులో తీగ వేలాడుతోందన్నది ఆ తెలివికే రెండో వైపు.

లాభం ఎక్కడుందో చూడాలంటే సీజన్‌లో ఒక పొద్దున గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లండి, తుమ్ములు ఆగితే. మా బాబాయి అక్కడికి తేజ రకం కాయ తెస్తాడు. ఊళ్లో బయల్దేరే ముందు కళ్లంలో కాయ వీడియో తీసి కమీషన్ వ్యాపారికి వాట్సాప్‌లో పంపుతాడు, అవతల ఆయన చూసి "రంగు బానే ఉంది, రేపు రావద్దు, సరుకు బాగా దిగింది" అంటాడు. బాబాయి బస్తాలు కోల్డ్ స్టోరేజీకి తిప్పేస్తాడు. అంతే, ఆ ఒక్క మాటతో లారీ కిరాయి, హమాలీ కూలి, దిగిపోయిన రేటుకి అమ్ముకునే బాధ మూడూ తప్పాయి. అలాగని ఫోన్‌లోనే బేరం తెగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కాయలో తేమ ఎంతుందో గుప్పిట్లో పట్టి నలిపితే తప్ప తేలదు, ఏ ఫైబరూ ఆ పని ఇంకా చేయలేదు.

మా బాబాయి చేసే పనికి వంద ఎంబీపీఎస్ స్పీడ్ అక్కర్లేదు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఉత్తర కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు చేపల రేట్లు ఏమయ్యాయో వారం వారం లెక్క రాసుకున్నాడు. ఏ రేవులో కొనేవాళ్లున్నారో పడవలోంచే ఫోన్ చేసి తెలుసుకోవడంతో చేపలు సముద్రంలో పారబోయడం ఆగింది, జాలర్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది. అది వట్టి మాటలు మోసే ఫోను. అందుకే మంత్రులు వేదికల మీద స్పీడ్ గురించి చెప్పేటప్పుడు నాకు ఆవలింత వస్తుంది. చవగ్గా ఉందా, అవసరమైన పూట పనిచేస్తోందా, ఈ రెండే ముఖ్యం. మొదటిది సాధించాం, ప్రపంచంలో మనంత చవగ్గా డేటా వాడేవాళ్లు తక్కువ. రెండోదాని దగ్గరే వస్తుంది చిక్కు.

2024 ఆగస్టు ఆఖరున బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్లు మేడ మీద ఇరుక్కుపోయారు. ప్రమాదమని కరెంటు తీసేశారు, తీయాల్సిందే. కరెంటు లేదు కాబట్టి గోడ మీది ఫైబర్ డబ్బా చచ్చింది, దానితో వైఫై, టీవీ. తర్వాత టవర్ బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి, సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చివరిగా మాకు వచ్చింది "చార్జింగ్ 9 ఉంది, ఆపేస్తున్నా" అన్న మెసేజి. ఆ తర్వాత రోజున్నర మాకు వాళ్ల సమాచారం లేదు. ప్రభుత్వం డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడుస్తోందని ఇక్కడ మేం టీవీలో చూస్తున్నాం, వాళ్ల మేడ మీద పడిందో లేదో అడుగుదామంటే ఫోను లేదు. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

పాత ల్యాండ్‌లైన్ ఈ విషయంలో మొండిది. దానికి కావాల్సిన 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి అదే రాగితీగ మీద ఇంటికి వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోను మోగేది. గాజుపోగు వెలుగుని మోస్తుంది గానీ కరెంటుని మోయదు, కాబట్టి ఇవతల డబ్బాకి మన ఇంటి కరెంటే దిక్కు. రాగితీగ రోజులు బంగారమని నేననను, చినుకు పడితే గరగరమనే శబ్దంలో "హలో, వినపడుతోందా" అని అరిచిన తరం నాది, పైగా అంత నీళ్లొస్తే కేబుల్ పెట్టెలూ మునుగుతాయి. కానీ మూడు దారులున్నప్పుడు మూడూ ఒకేసారి పోయే అవకాశం తక్కువ. ఒక్కటే చేసుకున్నాం, డబ్బు మిగిలింది, బానే ఉంది. మిగిలిన డబ్బులో కొంత ఆ ఒక్కదాన్నీ కాపాడ్డానికి పెట్టాలి కదా? నా వాదనంతా ఇదే, ఇంతకు మించి పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లు కోసుకుంటూ పోయారు. ప్రాణాలు పోయిన చోట వాళ్ల తొందర అర్థమవుతుంది. కానీ వాళ్ల దృష్టిలో అవి వట్టి కేబుల్ టీవీ వైర్లు, ఆ వైర్ల చివర ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగాలూ, దుకాణాల బిల్లింగూ, పిల్లల చదువులూ ఉన్నాయి.

చట్టం చూపు కూడా అలాగే ఉండిపోయింది. టెలికాం, టీవీ, ఇంటర్నెట్‌ని ఒకే గొడుగు కిందికి తేవాలని కమ్యూనికేషన్ కన్వర్జెన్స్ బిల్లు 2001లోనే లోక్‌సభకి వచ్చింది, సభ రద్దుతో అదీ మురిగిపోయింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది, టీవీ చానళ్లూ కేబుల్ వ్యవహారం మాత్రం ఇప్పటికీ సమాచార ప్రసార శాఖ చేతిలోనే. మా వీధి కేబుల్ ఆపరేటర్ ఒకే పోగు మీద టీవీ, నెట్ రెండూ ఇస్తాడు, టీవీకి సంబంధించిన రిజిస్ట్రేషన్ మాత్రం మొన్నమొన్నటిదాకా హెడ్ పోస్టాఫీసులో చేయించుకున్నాడు! తీగ తెగితే ఎన్ని గంటల్లో బాగుచేయాలి, చేయకపోతే ఎవరిని అడగాలి అంటే మాత్రం టీవీకి ఒక గుమ్మం, నెట్‌కి ఇంకో గుమ్మం.

పూర్తిగా చీకటి అనడం లేదు. గ్రామ పంచాయతీలకి ఫైబర్ వేసే పథకం 2011లో మంజూరై తర్వాత భారత్‌నెట్ అయింది, అందులో తీగని మండల కేంద్రం నుంచి ఊళ్లకి తోకలా లాగారు. మధ్యలో జేసీబీ తగిలితే ఆ తోకకున్న ఊళ్లన్నీ ఖాళీ. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన పథకంలో తోక బదులు రింగు వేస్తామన్నారు, అంటే ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి తిరిగొస్తుంది. పదేళ్లు పట్టింది ఈ చిన్న సంగతి ఒప్పుకోవడానికి. విపత్తులప్పుడు మన కంపెనీ టవర్ పడిపోతే పక్క కంపెనీ టవర్ వాడుకోనిచ్చే ఇంట్రా సర్కిల్ రోమింగ్ అనే ఏర్పాటూ ఉంది. ప్రభుత్వ పనులన్నీ ఇదే తీగ మీదికి ఎక్కుతున్నప్పుడు (మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 2025 జనవరి 30న ఒకేసారి 161 సేవలు పెట్టారు) ఇలాంటివి విపత్తుల వరకే దాచుకోవడం నాకు సరిగా అనిపించదు.

మా సందు సంగతికొస్తే, సాయంత్రం ఐదింటికి ఇరవై ఏళ్లు నిండని కుర్రాడొకడు బైకు మీద వచ్చాడు. ట్యాంకు మీదే చిన్న పెట్టె తెరిచి, వెంట్రుక మందం గాజుపోగుని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, కొస సాపుగా కోసి, రెండు కొసలూ స్ప్లైసింగ్ మెషిన్‌లో ఎదురెదురుగా పెట్టాడు. తెర మీద రెండు బూడిదరంగు కడ్డీల్లా కనిపించాయి, అవి దగ్గరికి జరిగి, చిటుక్కుమని ఒక మెరుపు మెరిసి, ఒకటైపోయాయి. ఆ ఒక్క పోగు పైన ముప్పై రెండు ఇళ్లున్నాయట.

"ఎంతసేపు నాయనా?" అంది అమ్మ గేటు దగ్గర్నుంచి.

"అయిపోయిందండీ అమ్మగారూ, పచ్చ లైటు వచ్చిందేమో చూడండి."

మళ్లీ లారీ వస్తే అని నేనడిగాను. "మళ్లీ వస్తాం సార్" అన్నాడు. వేరే దారిలో ఇంకో తీగ లాగి ఉంచొచ్చు కదా అంటే నవ్వి, "రెండో తీగకి డబ్బులెవరిస్తారు సార్, నెలకి ముప్పై పెంచితేనే జనం మారిపోతున్నారు" అన్నాడు. నిజమే, ఆ మారిపోయేవాళ్లలో నేనూ ఉన్నాను.

రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొన్నాను, కరెంటు పోయినా కొన్ని గంటలు ఆగుతుంది. అంతటితో ఊరుకోకుండా, అమ్మ కోసమని వేరే కంపెనీకి ఫోన్ చేసి పాత రకం ల్యాండ్‌లైన్ ఇస్తారా అని అడిగాను. మీ ఏరియాలో రాగితీగలు తీసేశాం సార్, ఇప్పుడు మాదీ ఫైబరే, రేపే వచ్చి పెడతాం అన్నారు. ఎటువైపు నుంచి లాగుతారని అడిగాను.

"మీ సందు మూల కరెంటు స్తంభం ఉంది కదా సార్, దాని మీంచే."