బొమ్మ మెరుగైంది, మన పాటకు చోటు పోయింది

గ్రాండ్ థెఫ్ట్ ఆటో (జీటీఏ) వీడియో గేమ్ సిరీస్‌లోని వైస్ సిటీ పీసీ వెర్షన్ 2003లో వచ్చింది. గేమ్ ఇన్‌స్టాల్ అయిన చోటే ఎంపీ3 అని ఒక ఫోల్డర్ ఉండేది. అందులో పాటలు వేసి గేమ్ మళ్ళీ తెరిస్తే కారు రేడియోలో ఇంకో స్టేషన్ చేరేది. ఫోల్డర్ ఖాళీగా ఉంటే ఆ స్టేషన్ కనిపించదు. 1986 నాటి మయామీని తలపించే వీధుల్లో గేమ్ హీరో టామీ వెర్సెట్టి తెలుగు పాట వింటూ తిరగాలంటే ఏ మాడ్ (అభిమానులు గేమ్‌కు చేసే మార్పు) కూడా అక్కర్లేదు.

అదే సిరీస్‌లో 2005లో పీసీకి వచ్చిన శాన్ ఆండ్రియాస్ దీన్ని ఇంకా బాగు చేసింది. డాక్యుమెంట్స్‌లోని గేమ్ ఫోల్డర్‌లో యూజర్ ట్రాక్స్ ఉంటుంది. పాట మొత్తం కాపీ చేయకపోయినా షార్ట్‌కట్ పెడితే చాలు. తర్వాత ఆడియో సెటప్‌కి వెళ్ళి స్కాన్ చేయాలి. చాలామంది ఈ స్కాన్ చేయకుండా, పాట రావట్లేదని అనుకునేవారు. రేడియో మోడ్ ఎంచుకుంటే మన పాటల మధ్యలో గేమ్ ప్రకటనలు కూడా వచ్చేవి. తయారు చేసినవాళ్ళు ఆడేవాడి గురించి ఇంతగా ఆలోచించారు!

2021 నవంబర్ 11న ఈ రెండూ, జీటీఏ 3తో కలిపి, డెఫినిటివ్ ఎడిషన్ అనే రీమేక్‌గా వచ్చాయి. అందులో ఈ సౌకర్యం లేదు. లైసెన్సుల చిక్కుతో మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ లాంటి పాటలూ పోయాయి. కంపెనీ పాట తీసేయాల్సి వచ్చిందంటే అర్థం చేసుకోవచ్చు. మన దగ్గరున్న పాటను మనమే పెట్టుకోవడానికి మాత్రం ఏ లైసెన్సూ అడ్డు రాదు. ఈ రీమేక్‌కు మొబైల్ వెర్షన్లు ఆధారం కావడంతో అక్కడ లేనివి ఇక్కడికీ రాలేదు. ప్లేస్టేషన్ 2 శాన్ ఆండ్రియాస్‌లో రెండో కంట్రోలర్ పెట్టి ఇద్దరూ ఒకే తెరపై ఆడే వీలుండేది, అదీ పోయింది.

పొగమంచు సంగతి మరీ బాధాకరం. 32 ఎంబీ మెమరీ ఉన్న ప్లేస్టేషన్ 2 దూరంగా ఉన్నవి గీయలేదు కాబట్టి మంచుతో కప్పారు. ఆ మంచు వల్లే శాన్ ఆండ్రియాస్ రాష్ట్రంలోని మూడు నగరాలూ ఎక్కడో దూరాన ఉన్నట్టు అనిపించేవి. రీమేక్‌లో దాన్ని తీసేయడంతో విమానమెక్కితే రాష్ట్రమంతా అరచేతిలో ఉన్నంత చిన్నగా కనబడింది. 2024 నవంబర్ అప్‌డేట్‌లో పాత లైటింగ్ ఆప్షన్ వచ్చాకే కొంత నయమైంది.

రీమేక్ చేయడం తప్పు కాదు. రీమేక్ విడుదలకు ముందే పాత గేముల్ని డిజిటల్ స్టోర్ల నుంచి తీసేయడం తప్పు. విమర్శలు వచ్చాక గేముల కంపెనీ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, తన స్టోర్‌లో పాతవాటిని మళ్ళీ ఇస్తామంది. మొదటి రోజు నుంచే రెండూ పక్కపక్కన అమ్మాల్సింది.

పాత డిస్క్ ఉంటే పారేయకండి. స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న శాన్ ఆండ్రియాస్ కాపీ అయితే 2014 అప్‌డేట్‌లో కొన్ని పాటలు పోయాయి, పాత సేవ్ ఫైళ్ళూ తెరుచుకోలేదు. కొన్ని డిస్కుల కాపీ రక్షణను విండోస్ 10 ఒప్పుకోదు, కాబట్టి కొనేముందు కనుక్కోండి. గేమ్ తెరుచుకుంటే శాన్ ఆండ్రియాస్‌లో ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకు చూపే ఫ్రేముల సంఖ్యకు హద్దు పెట్టే ఆప్షన్) ఆన్‌లోనే ఉంచండి. ఆపితే కదలిక సాఫీగా కనిపిస్తుంది గానీ గేమ్ హీరో సీజే ఈత నత్తనడకన సాగుతుంది.