ప్లాటినం చలి

మొన్న మే నెలలో మిట్టమధ్యాహ్నం, హైదరాబాద్ రాయదుర్గంలో ఒక ఆఫీసుకు పనిమీద వెళ్లాను. లాబీలో ఇత్తడి ఫలకం, దానిమీద ప్లాటినం రేటింగ్. పర్యావరణాన్ని కాపాడే భవనమన్నమాట. మనసులోనే దణ్ణం పెట్టుకుని లిఫ్టెక్కాను.

పైన అందరూ స్వెట్టర్లలో ఉన్నారు. బయట 42 డిగ్రీలు. ఒకమ్మాయి శాలువా కప్పుకుని, కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని చలి కాచుకుంటోంది. "ఏసీ సెంట్రల్ అండీ, మా చేతిలో లేదు" అంది. ఎవరి చేతిలో ఉందో ఆ ఫ్లోరులో ఎవరూ చెప్పలేకపోయారు.

నాలుగు వైపులా నేల నుంచి కప్పుదాకా గాజే. వెలుతురు కోసమట. వెలుతురుతోపాటు ఎండా వచ్చింది. కంప్యూటర్ తెర కనపడలేదు. బ్లైండ్లు దించారు. చీకటైంది. లైట్లు వేశారు. గాజు వేడికి లైట్ల వేడి తోడైంది. ఏసీ పెంచారు. చలేసింది. స్వెట్టర్లు తెచ్చుకున్నారు. ఎవరైనా పొరపాటున ఒక బ్లైండు పైకి లాగితే నలుగురు కళ్లు మూసుకుని అరుస్తారు. కోట్లు పోసి మిట్టమధ్యాహ్నాన్ని అర్ధరాత్రి చేసుకోవడం మాటలా? కిటికీ తీద్దామంటే, తెరుచుకునే కిటికీ ఒక్కటి లేదు. సైకిల్ స్టాండు మాత్రం ఉంది. అందులో చీపుర్లు పెట్టారు.

తెలియక కట్టారనుకుందామా? 2004లో కలాం గారు ప్రారంభించిన, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్ హైటెక్ సిటీ దగ్గరే ఉంది. నడుమ ముంగిలి, గాలాడే చిల్లుల జాలీ గోడలు, కప్పు మీద పచ్చిక. గ్రీన్ భవనాలకిచ్చే లీడ్ రేటింగులో, అమెరికా బయట ప్లాటినం అందుకున్న తొలి భవనం అదే. పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో ఒకే భవనంలో సగానికి మామూలు ఏసీ, సగానికి శ్లాబులో చన్నీళ్ల గొట్టాలు పెట్టి చూసింది. గొట్టాలున్న వైపు చల్లదనానికయ్యే కరెంటు మూడో వంతుకు పైగా తగ్గింది. గోడలో గాజు 40 శాతం దాటొద్దని భవనాలకు కేంద్రం పెట్టిన విద్యుత్ పొదుపు కోడ్ చెబుతుంది. లెక్కలు చూపించి తప్పుకునే దారి కూడా అందులోనే ఉంది. మనవాళ్లు ముందు చదివేది ఆ పేజీ. కిటికీ మీద మూరెడు సన్‌షేడ్ వేయాలని మా ఊరి మేస్త్రీకి కూడా తెలుసు. పాపం, ఆయన లండన్ వెళ్లి చూడలేదు. ఎండ మొహం వాచిన ఊళ్లో గాజు పెట్టారని మనమూ పెట్టుకున్నాం.

ఈ భవనం కోసం 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండల్ని పేల్చారు. ఆ గోతిలో కార్ల సెల్లారు. లాబీలో మాత్రం కుండీలో చిన్న రాయి, దాని పక్కన బోన్సాయ్.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి కనిపించాడు. పెద్దాయన. మెడలో తడి తువ్వాలు. "సాయంత్రం అద్దాల మీంచి కొడతది సార్. రెండు సూర్యుళ్లు" అన్నాడు. లోపలివాళ్లు వద్దనుకున్న వేడంతా ఈయన మొహాన కొట్టి, దాన్ని గ్రీన్ అంటున్నారు. సిగ్గుండాలి! ప్లాటినం కొన్న డబ్బుల్లో నాలుగు రేకులు రాలేదా ఈయన నెత్తిమీదకి? రేకుల షెడ్డు వేస్తే ఎలివేషన్ పాడవుతుందని ఒప్పుకోలేదట.

"గొడుగిచ్చారు సార్" అన్నాడు. ఆకుపచ్చ గొడుగు, దానిమీద కంపెనీ లోగో.