టికెట్‌లో కనిపించని బస్సు ప్రయాణం

ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కడానికి గంటన్నర ఉందంటే, టికెట్ మీద చూసినప్పుడు బోలెడు సమయంలా అనిపిస్తుంది. కానీ పెద్ద విమానంలో వెనక వరుసలో కూర్చుంటే దిగేసరికే ఇరవై నిమిషాలు పోవచ్చు. పైగా టికెట్‌లో వేసేది విమానం కదిలే సమయం. గేటు అంతకు పదిహేను, ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. ఇక మిగిలేది యాభై నిమిషాలు. రెండో విమానం వేరే టెర్మినల్ నుంచి అయితే షటిల్ బస్సు కోసం నిలబడటం, అందులో వెళ్లడం, మళ్లీ సెక్యూరిటీ లైన్‌లో నిలబడటం అన్నీ ఆ యాభై నిమిషాల్లోనే అవ్వాలి.

విమానాశ్రయాలు ఈ బస్సును ఒక ఉచిత సౌకర్యంగా చెప్పుకుంటాయి. అలా చెప్పడం సరికాదని నా అభిప్రాయం. మనం డబ్బు కట్టింది బయల్దేరిన ఊరి నుంచి చేరాల్సిన ఊరి దాకా. మధ్యలో టెర్మినల్ మార్చే బస్సూ అందులో భాగమే. అది ఆలస్యమైతే ఆ నష్టం ప్రయాణికుడి నెత్తిన పడకూడదు.

ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ సమయం అని ఒక లెక్క ఉంటుంది. ఒకే బుకింగ్‌లో రెండు విమానాలు అమ్మేటప్పుడు సిస్టమ్ ఆ లెక్క చూసుకుంటుంది. టెర్మినల్ మారాల్సి వస్తే ఆ సమయం సాధారణంగా ఎక్కువే పెడతారు. మంచి ఏర్పాటే. కాకపోతే పేరులోనే ఉంది, అది కనీసం. అన్నీ సవ్యంగా జరిగితే సరిపోయే సమయం. మొదటిసారి విమానం ఎక్కినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి కూడా అదే గడియారంతో పరుగెత్తాలి. పైగా కొనేటప్పుడు ఆ లెక్క మనకు చూపించేవాళ్లు తక్కువ.

బస్సు ఏ దారిలో వెళ్తుందన్నది ఇంకా పెద్ద విషయం. కొన్నిచోట్ల సెక్యూరిటీ దాటిన వైపునే, విమానాలు తిరిగే ప్రాంతం గుండా తీసుకెళ్తారు. లండన్ హీత్రూలో కనెక్టింగ్ ప్రయాణికులకు ఇలాంటి బస్సులున్నాయి. దుబాయ్‌లో రెండో టెర్మినల్ రన్‌వేలకు అవతలి వైపు ఉంటుంది, అక్కడికీ బస్సే. ఈ దారుల్లో విమానం అడ్డొస్తే బస్సే ఆగాలి, వేగానికీ పరిమితి ఉంటుంది. అందుకే ఇవాళ పది నిమిషాల్లో చేరిన బస్సు రేపు ఇరవై తీసుకోవచ్చు. డ్రైవర్ తప్పేమీ ఉండదు.

రెండో రకం బస్సు ఎక్కాలంటే టెర్మినల్ బయటికి రావాలి. ఢిల్లీలో ఒకటో టెర్మినల్ నుంచి మూడో టెర్మినల్‌కు రోడ్డు మీదుగానే వెళ్లాలి. ద్వారం దగ్గర మళ్లీ టికెట్, గుర్తింపు కార్డు చూపించాలి, సెక్యూరిటీ చెక్ మళ్లీ మొదటి నుంచి. ఇది విదేశంలో అయితే బయటికి రావడమంటే ఆ దేశంలోకి అడుగుపెట్టడమే. వీసా లేకపోతే బస్సు కళ్లెదుటే ఉన్నా ఎక్కలేం. అమెరికాలోనైతే టెర్మినల్ మారినా మారకపోయినా, విదేశం నుంచి వచ్చినవాళ్లు సాధారణంగా మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ పూర్తిచేసి, లగేజీ తీసుకుని మళ్లీ అప్పగించాలి.

రైలు వేస్తే సరిపోతుంది కదా అంటారు. నిజమే, వీలున్న చోట రైలే మేలు. సింగపూర్ చాంగీలో 1990 నుంచే టెర్మినళ్ల మధ్య రైలు నడుస్తోంది. అయినా 2017లో తెరిచిన నాలుగో టెర్మినల్‌కు బస్సే దిక్కయింది. కౌలాలంపూర్‌లో ప్రధాన టెర్మినల్‌నూ, దానికి దూరంగా విడిగా ఉన్న గేట్ల భవనాన్నీ (శాటిలైట్) కలిపే రైలు 2023 మార్చిలో ఆగిపోయింది. 2025 జులైలో మళ్లీ నడిచేదాకా, అంటే రెండేళ్లకు పైగా, ప్రయాణికులను బస్సుల్లోనే తిప్పారు. విమానాశ్రయాలు విడతలు విడతలుగా పెరుగుతాయి, కొత్త భవనం ఖాళీ దొరికిన చోట లేస్తుంది. కాబట్టి బస్సు ఇప్పట్లో పోదు. పోనిదాన్ని బాగు చేసుకోవాలి.

యూరోపియన్ యూనియన్‌లో 2004 నాటి 261వ నిబంధన కింద, ఒకే బుకింగ్‌పై వెళ్తున్నవాళ్లు చివరి గమ్యానికి మూడు గంటలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరితే పరిహారం అడగవచ్చు. మినహాయింపులు ఉన్నాయి. మొదటి విమానం కొద్దిగానే ఆలస్యమైనా, చూడాల్సింది చివరి గమ్యంలో ఎంత ఆలస్యమైందన్నదేనని 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. నాకు ఈ ఆలోచన చాలా నచ్చింది. మనిషి చేరాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఇదే న్యాయం బస్సుకూ వర్తించాలి. విమానం సమయానికే దిగి, ఆలస్యం బస్సు స్టాపు దగ్గర జరిగితే, ఎయిర్‌లైన్ విమానాశ్రయాన్నీ విమానాశ్రయం ఎయిర్‌లైన్‌నూ చూపిస్తూ కూర్చోకూడదు. విడివిడిగా రెండు టికెట్లు కొన్నవాళ్లకైతే ఈ మాత్రం రక్షణ కూడా ఉండదు. విమానం తప్పితే మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే.

డబ్బు కట్టకముందే, ఛార్జీ ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో అంత పెద్ద అక్షరాల్లో చెప్పాలి: ఇక్కడ టెర్మినల్ మారాలి, బస్సులో వెళ్లాలి, బయటికి రావాలి, వీసా కావాలి అని. స్టాపులో తర్వాతి బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో బోర్డు మీద కనిపించాలి. అక్కడ ఒక మనిషి ఉండాలి. ఎవరి గేటు ముందు మూసేస్తారో ఆయన చేతిలోని తెరపై కనిపించాలి, వాళ్లను లైన్‌లోంచి ముందుకు పిలిచి ఎక్కించే అధికారం ఆయనకు ఉండాలి. చేతిలో బోర్డింగ్ పాస్ పట్టుకుని, టెన్షన్‌తో మాటిమాటికీ గడియారం చూసుకునే పెద్దావిడకు ఆ పిలుపు చాలు.