సవరణ: బైక్ ఇంజిన్ కారు, పొల్యూషన్ సర్టిఫికెట్

బైక్ ఇంజిన్ బిగించి సొంతంగా కట్టుకున్న కారుకూ పొల్యూషన్ టెస్టు తప్పదని మొన్న రాశాను. దాన్ని చదివి, సర్టిఫికెట్ చేతికొస్తే బండి రోడ్డెక్కించొచ్చని హన్మకొండ, కాజీపేట ఇంజినీరింగ్ పిల్లలు కొందరు అనుకుంటున్నారు. ఆ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. ముందు రిజిస్ట్రేషన్ కావాలి. దానికి నమూనా బండిని పుణెలోని ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) లాంటి సంస్థ పరీక్షించి ఆమోదించాలి. ఆర్సీ ఉన్న కారులో ఇంజిన్ మార్చాలన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, ఆర్టీఏ అనుమతి ఉండాల్సిందే.

ఇక పొల్యూషన్ టెస్టులో పరిమితుల సంగతి. ఇంజిన్ బైక్‌దే అయినా బండిని చూసేది కారుగానే. 2000 నాటి నిబంధనల ఫోర్ స్ట్రోక్ బైక్‌కు (బండి నిలిపి ఇంజిన్ ఆన్‌లో ఉంచే) ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాకా చెల్లుతుంది. బీఎస్-4 (భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధనల) పెట్రోల్ కారుకు 0.3 శాతమే, హైడ్రోకార్బన్లు (కాలని ఇంధనం) 200 పీపీఎం, అంటే పది లక్షల్లో 200 వంతులు. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేని కార్బురేటర్ ఇంజిన్‌తో ఆ అంకె అందుకోవడం చాలా కష్టం. ఇంకోటి, సైలెన్సర్ జాయింటులో సందుంటే బయటి గాలి కలిసి రీడింగే తప్పొస్తుంది. పొగ కొలిచే ప్రోబ్ సైలెన్సర్‌లో పెట్టకముందే, జాయింటులో సందు మూసే గాస్కెట్ చూసుకోండి.

కాలేజీ పోటీలకు కట్టే కార్లు ట్రాక్ మీదే నడపండి. దయచేసి రాత్రిపూట కూడా మెయిన్ రోడ్డుకు తేకండి.